హోంగార్డు కట్టిన కట్టు

“ధనశేఖర్ అనేవాడు నా బతుకులో మన్ను పోసినాడు సార్. నేనే మనిషిని సంపినానని ఊరంతా అంటా ఉండాది.”

తిరుపతి బస్టాండు వెనక మేడమీది ఆఫీసులో అడుగు పెడుతూనే ఎల్లప్ప అన్న మాటలివి. ప్రైవేటు డిటెక్టివ్ రవిచంద్ర కుర్చీ చూపించినా అతను కూర్చోలేదు. ఖాకీ ప్యాంటు మీద మామూలు చొక్కా ఉంది. యూనిఫారం చొక్కాను పైఅధికారి విప్పించి పంపాడు.

ఎల్లప్ప హోంగార్డు. ప్రథమ చికిత్స నేర్చుకుని, కాణిపాకం ఉత్సవాల్లో వైద్య శిబిరంలో స్వచ్ఛందంగా పనిచేశాడు. పుత్తూరు బట్టల వ్యాపారి మునిరామయ్య గుండు చేయించుకుని, మెట్ల మీద జారి తల గీరుకుంటే కట్టు కట్టింది ఇతనే. సాయంత్రానికి లాడ్జి గదిలో మునిరామయ్య స్పృహ తప్పాడు. చిత్తూరు ఆసుపత్రికి చేరేసరికి ప్రాణం లేదు. పుర్రె పగిలిందని పోస్టుమార్టంలో తేలింది. పగిలిన తలకు కట్టు కట్టి పంపేశాడని ఆయన అన్న కొడుకు ధనశేఖర్ కేసు పెట్టాడు.

“పగిలింది లేదు సార్! తోలు లేసిపోయింది, అంతే. నీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డ పెట్టి కట్టినా. ఆసుపత్రికి పొండి అని కూడా సెప్పినా.”

“మీ పైఅధికారి ఏమన్నాడు?” అని అసిస్టెంటు ఐశ్వర్య అడిగింది.

“‘నువ్వు వాలంటీరువి, తప్పు నీదే’ అన్నాడు మేడం. పండగంతా ఎండలో నిలబెట్టేటప్పుడు మాత్రం ‘మన ఎల్లప్ప’!”

రవిచంద్ర కుర్చీలోంచి లేచాడు. “పద ఐశ్వర్యా,” అన్నాడు.

పుత్తూరులో మునిరామయ్య భార్య పంకజాక్షి ఎల్లప్ప పేరెత్తగానే మండిపడింది.

“ఆ పాపిష్టోడు గుండుమీది గంధమంతా కడిగేసినాడప్పా! మళ్లీ పూస్తానంటే ‘పుండు మీద వద్దమ్మా’ అని కట్టు కట్టేసినాడు. సామికి అపచారం కాదా? అందుకే మా ఆయన పోయినాడు.”

“అప్పుడు ధనశేఖర్ ఎక్కడున్నాడు?”

“కారు తెచ్చేదానికి పోయినాడు. ఆయన్ను గదిలో పడుకోబెట్టి నేను దర్శనానికి పోతే, వాడే తోడుండినాడు.”

ధనశేఖర్ మునిరామయ్య దుకాణంలోనే దొరికాడు.

“మీ చిన్నాయన కట్టును ఎవరైనా విప్పారా?”

“యాడ విప్పేది? వాడు కట్టింది కట్టినట్టే ఆసుపత్రికి తీసకపోయినా. కావాలంటే నర్సునడుగు.”

అడిగారు. చిత్తూరు ఆసుపత్రి నర్సు రూతు చెప్పింది: “నేనే విప్పినా సార్. గుడ్డకు లోపలి పక్క గంధం మందంగా అంటుకోనుండాది. పుండులో కూడా. గుండు కొట్టించుకున్నోళ్లకు ఉండేదే కదా అనుకున్నా.”

మరుసటి రోజు మునిరామయ్య ఇంట్లో ఎల్లప్పతో సహా అందరినీ కూర్చోబెట్టాడు రవిచంద్ర. ఎస్సై గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

“ఎల్లప్ప కట్టేటప్పుడు తలమీద గంధం లేదు. ఆసుపత్రిలో విప్పినప్పుడు కట్టు కింద ఉంది. అంటే మధ్యలో ఎవరో కట్టు విప్పి, గీరుకున్న చోటే కొట్టారు. రక్తం కడిగేశారు. గుండు మీద గంధం లేకపోతే కడిగిన సంగతి బయటపడుతుందని భయపడి, గంధం పూసి మళ్లీ కట్టారు. శిబిరంలోనే కడిగేశారని ఆ మనిషికి తెలియదు. అప్పుడు కారు కోసం పోయాడు గనక.”

ధనశేఖర్ ఎగిరి లేచాడు. “ఈ హోంగార్డు నా కొడుకు సరిగ్గా కడగలేదేమో!”

పంకజాక్షి ఎల్లప్ప వైపు చూసింది. తర్వాత ధనశేఖర్ వైపు తిరిగింది.

“రవ్వంత లేకుండా కడిగినాడురా. నా కండ్లతో సూసినా. అందుకే కదా తిట్టింది!”

ధనశేఖర్ గోడకు చేరగిలబడ్డాడు. “దుకాణంలో నీకు భాగం లేదు, పొమ్మన్నాడు పిన్నమ్మా. చెంబుతో ఒక్కటి ఏసినా...”

ఆమె చెయ్యి వాడి చెంప మీద పడేలోగా ఎస్సై లాక్కుపోయాడు.

వాకిట్లో ఎల్లప్ప ఫోను మోగింది. విని, నేలమీద ఉమ్మి, జేబులో పెట్టుకున్నాడు.

“ఆఫీసరా?” అంది ఐశ్వర్య.

“‘మన ఎల్లప్పా, రేపట్నుంచి డ్యూటీకి రా’ అంటాడు. చొక్కా తిరిగిస్తాడంట. లాయరుకనీ బెయిలుకనీ అమ్ముకున్న నా తోటను ఎవడిస్తాడు మేడం? వడమాలపేట కాడ, కాపుకొచ్చిన మామిడి. అరవై రెండు సెంట్లు.”