మెట్ల కింది బల్ల మీద చెల్లెలి కంప్యూటర్

మా రిపేరు షాపు సెల్లార్‌లో మెట్ల కింద ఒక బల్ల ఉంది. దాని మీద పెట్టిన కంప్యూటర్ ప్రాణాలతో పైకి రాదని పేరు. మా పెద్ద మెకానిక్ ఆ బల్ల దగ్గరే, చేతిలో స్క్రూడ్రైవర్‌తోనే పోయాడు. తర్వాత అక్కడ కూర్చున్న ప్రతివాడూ ఏదో ఒకటి చెప్పాడు — ఆఫ్ చేసిన మెషీన్‌లో ఫ్యాన్ తిరిగిందని, వెనక ఎవరో దగ్గారని. నేను ప్రింటర్లు బాగుచేసుకునేవాణ్ణి, దెయ్యాలంటే నాకు నవ్వు. అయినా ఆ బల్ల మీద నా టీ గ్లాసు కూడా పెట్టను.

ఇది నాకు డాక్టరమ్మ చెప్పింది. మా షాపు మెకానిక్కే ఆవిడ. చచ్చిందనుకున్న మెషీన్‌కి ప్రాణం పోస్తుందని ఆ పేరు పెట్టాం.

రెండేళ్ల కిందట ఆవిడ చెల్లెలు గొంతు జబ్బుతో పోయింది. ఆపరేషన్‌తో మాట పోతుందని ముందే తెలుసు. అందుకని కూతురి కోసం తన గొంతు రికార్డు చేసి ఇంట్లో కంప్యూటర్‌లో దాచింది. పాపకి పదేళ్లు నిండిన రోజు వినిపించమంది. అందాకా ఎవరూ వినకూడదంది, ఎవరూ వినలేదు.

తెల్లారితే పాపకి పదేళ్లు. సరిగ్గా అప్పుడే ఆ కంప్యూటర్ మొరాయించింది, పది నిమిషాలకోసారి బిగుసుకుపోతోంది. చెల్లెలి మొగుడు, అదే ఆవిడ మరిది, దాన్ని చంటిబిడ్డలా ఎత్తుకుని తెచ్చాడు.

"వదినా, నాకింకేం అక్కర్లేదు. పొద్దుటికి ఆ గొంతు వినపడితే చాలు," అన్నాడు.

డాక్టరమ్మ చూసి, ప్రాసెసర్ మార్చాలని తేల్చింది. పని మొదలుపెట్టేముందు డిస్క్ కాపీ తీసుకోవాలని నిన్నగాక మొన్న చేరినవాడికి కూడా తెలుసు. డాక్టరమ్మ తీసుకోలేదు. తెరిస్తే ఆ ఫైళ్లు కనపడతాయి, కనపడితే వినకుండా ఉండలేనని భయపడింది. పైన అందరి ముందూ ఏడుపొస్తుందేమోనని మెట్ల కింది బల్ల దగ్గర కూర్చుంది. మేమంతా ఇళ్లకి వెళ్లిపోయాం.

కొత్త ప్రాసెసర్ బిగించింది. దానికి బొమ్మ చూపించే శక్తి లేదు కాబట్టి చిన్న గ్రాఫిక్స్ కార్డూ పెట్టింది. స్విచ్ వేసింది.

ఫ్యాన్ తిరిగింది. తెర మాత్రం నల్లగా ఉండిపోయింది...

మెషీన్ మొదటి సెట్టింగులుండే బయోస్‌లోకి వెళ్దామని డిలీట్ నొక్కింది. ఎఫ్ టూ నొక్కింది. మెమరీ పీకి మళ్లీ గుచ్చింది. ఏం చేసినా అదే చీకటి. లోపల ఏదో ఊపిరి బిగబట్టి కూర్చున్నట్టు ఫ్యాన్ మాత్రం ఒకే శ్రుతిలో తిరుగుతోంది. ఆవిడకి తల ప్రాణం తోకకొచ్చింది.

మా షాపులో ఒక అలవాటుంది. భాగాలు మార్చాక మెషీన్ తెర చూపించకుండా ఆగిందంటే, లోపల ఏదో అడుగుతోందని లెక్క. ఏమడిగినా ఒప్పేసుకో, వై కొట్టి ఎంటర్ నొక్కు అని పెద్ద మెకానిక్ మా అందరికీ నేర్పాడు. ముప్పై ఏళ్లుగా అలాగే నెట్టుకొస్తున్నాం.

డాక్టరమ్మ వేలు వై మీదకి వెళ్లింది —

కరెంటు పోయింది. బయట వీధి దీపం వెలుగుతూనే ఉంది.

ఫ్యూజు వేసి వచ్చి, మెషీన్ మళ్లీ ఆన్ చేసి కూర్చుంది. మళ్లీ వేలు పెట్టింది. ఈసారి కీబోర్డు మీద లైటు ఆరిపోయింది. వంగి చూస్తే దాని తీగ ఊడి నేల మీద ఉంది. ఊడేంత వదులు కాదది, బలంగా లాగితే తప్ప రాదు.

ఆ బల్ల కింది చీకట్లో, ఎడమ చెవి దగ్గర... ఎవరో ఊపిరితో ఏదో అన్నారు.

ఇంకొకళ్లైతే మెట్లెక్కి పారిపోయేవాళ్లు. ఆవిడ మొండిఘటం. పైగా పాప మొహం కళ్లలో మెదులుతోంది. పోయిన పెద్ద మెకానిక్ అనుకుని చేతులు జోడించింది.

"సార్, మీ బల్ల మీకే ఉంచుకోండి. ఈ ఒక్క రాత్రికి నన్ను వదిలేయండి."

తీగ మళ్లీ గుచ్చి, కళ్లు గట్టిగా మూసుకుని వై కొట్టింది. ఎంటర్ నొక్కింది.

ఫ్యాన్ నెమ్మదించింది. లోపల డిస్క్ కదిలిన చప్పుడు. గెలిచాననుకుంది. తెర ఇంకా ఎందుకు రాలేదని వెనక తడిమి చూసి నాలుక్కరుచుకుంది. తెర తీగ పాత చోటే ఉంది, కొత్త కార్డుకి మార్చలేదు. బొమ్మ మొదటినుంచీ కార్డు దగ్గరే ఉంది. తీగ మార్చింది.

నీలం తెర వచ్చింది. డిస్క్‌కి తాళం పడిందని, నలభై ఎనిమిది అంకెల సంఖ్య కావాలని అడుగుతోంది.

అప్పుడర్థమైంది ఆవిడకి. చీకట్లో ఆ మెషీన్ అడిగింది ఒకటే — పాత ప్రాసెసర్ దాచుకున్న డిస్క్ తాళంచెవులు చెరిపేయనా, ఉంచనా అని. ఉంచమంటే పాతది మళ్లీ బిగించి అన్నీ తీసుకోవచ్చు. ఆవిడ చెరిపేయమంది. ఆ సంఖ్య చెల్లెలు ఎక్కడా రాసిపెట్టలేదు. పాతది తిరిగి బిగించి చూసింది, తెల్లారేదాకా చూసింది. నీలం తెర తప్ప ఏమీ లేదు.

పొద్దున మరిది పాపని వెంటబెట్టుకుని వచ్చాడు. పాప జడలు వేసుకుని, హెడ్‌ఫోన్లు మెళ్లో తగిలించుకుని వచ్చింది. వాళ్లకి ఏం చెప్పిందని నేను అడగలేదు. ఆ మధ్యాహ్నం డాక్టరమ్మ వచ్చి నా పక్కన కూర్చుని ఈ కథంతా చెప్పింది. చెవిలో పెద్దాయన ఏమన్నాడని అడిగాను, ఏదో ఒకటి అడగాలి కదా అని.



"ఆయన కాదు," అంది డాక్టరమ్మ. "'వద్దక్కా' అంది చెల్లెలు. జబ్బుకి ముందరి గొంతు, నీలం తెర చూశాకే పోల్చుకున్నాను. పాప వినాల్సింది నేనొక్కదాన్నే విన్నాను... విని కూడా నొక్కాను."