కందకం సీనులో గుసగుస

నాటింగ్‌హామ్‌లో మా వీధి చివర పాత చర్చి హాలు ఒకటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికుల్ని అందులో ఉంచేవారట. చీకటి పడ్డాక లోపల ఎవరో కవిత్వం చదువుతారని దానికి పేరు... ఒంటరిగా ఎవరూ లోపలికి వెళ్ళరు.

ఈ సంగతి నాకు ఆషెరే చెప్పాడు. గుంటూరువాడు, ఇక్కడ ఆసుపత్రిలో నర్సు. ఆ హాల్లోనే ఒక నాటకానికి రిహార్సల్స్ జరుగుతున్నాయి. అందులో ఐరిష్ సైనిక కవి వేషం అతనిది. ఆ కవి బ్రిటిష్ సైన్యంలో చేరి ఫ్రాన్సులో పోరాడుతుంటే, అదే సైన్యం తన దేశంలో, డబ్లిన్‌లో అతని స్నేహితుల్ని కాల్చి చంపుతుంది. ఆషెర్‌కి అదే లోకమైపోయింది. వార్డులో, బస్సులో, ఇంట్లో — ఎప్పుడూ ఆ డైలాగులే.

నవంబరు. సాయంత్రానికే చిమ్మచీకటి. ఇవాళ రిహార్సల్ లేదని జ్ఞానరాజు ఫోన్ చేశాడు. అతనూ నర్సే, ఆషెర్‌కి ప్రాణస్నేహితుడు. నాటకంలో అతనికి చిన్న వేషం ఇప్పించింది ఆషెరే.

డ్యూటీ దిగి ఆషెర్ హాలు పక్కనుంచి నడిచొస్తున్నాడు. లోపల లైట్లు లేవు. కానీ ఒక గొంతు...

"మావాళ్ళని కాల్చిన రోజు కూడా... ఈ యూనిఫారం నా ఒంటి మీదే ఉంది."

తన డైలాగే! ఒళ్ళు జలదరించింది. తలుపు దగ్గరికెళ్ళి చెవి ఆనించాడు.

గొంతు ఆగిపోయింది — తర్వాతి మాట మర్చిపోయినట్టు. చీకట్లోంచి ఓ ఆడగొంతు గుసగుసగా అందించింది...

ఆ గుసగుస అతనికి తెలుసు. రోజూ పాపని నిద్రపుచ్చే గుసగుస.

తలుపు తోసి ఫోన్ లైటు వేశాడు.

స్టేజి మీద యుద్ధభూమి కందకం సెట్టు. రాత్రి సీను కాబట్టి చీకట్లో చేస్తున్నారు. సైనికుడి కోటులో జ్ఞానరాజు. కింద కుర్చీలో, ఒళ్ళో నిద్రపోతున్న పాపతో ఆషెర్ భార్య సలోమి. ఇంట్లో ఆషెర్ నోట వినీ వినీ డైలాగులన్నీ ఆమెకి కంఠతా వచ్చేశాయి.

జ్ఞానరాజు తలొంచుకున్నాడు. సలోమి మెల్లగా లేచింది.

"మీరు మానేస్తున్నారని డైరెక్టర్‌కి నేనే చెప్పానండీ. మీ వేషం ఈయనకిచ్చారు. పాప మిమ్మల్ని సరిగ్గా చూసి వారమైంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఒప్పుకునేవారా?"

జ్ఞానరాజు కోటు విప్పి ఇవ్వబోయాడు. ఆషెర్ తీసుకోలేదు. బయటికొచ్చేశాడు.

నాటకం రోజు అడిగి మరీ నైట్ డ్యూటీ వేయించుకున్నాడు. ఆ మర్నాడూ... ఆ పై వారమంతా కూడా.