రాజీ మెమో మీద రెండో సంతకం

గోడ దూకుతాడు.

మోకాలు చీరుకుపోతుంది. ఆగడు.

వెనక సందులో బైక్ ఆగిన చప్పుడు... కానిస్టేబుల్!

ఫర్నిచర్ షాపతను సంచీని చంకలో అదుముకుని మెట్లెక్కుతాడు. సంచీలో డబ్బు. దానిమీద మడిచిన రాజీ మెమో. తన సంతకం ఉంది. కేసు వేసిన టింబర్ డిపో పెద్దాయనది కావాలి. అదీ ఉంటే రేపు కోర్టులో చెక్ బౌన్స్ కేసు ముగిసిపోతుంది. వారంటూ పోతుంది.

లేకపోతే జైలు.

నిజానికి కిందటి వాయిదాకే అయిపోవాల్సింది. పెద్దాయన ఫోన్‌లో సరే అన్నాడు. రాజీ కుదిరాక కోర్టుకెందుకని ఇతను షాపులోనే ఉండిపోయాడు. కోర్టులో పెద్దాయన రాజీ మాటే ఎత్తలేదు. జడ్జి వారంటు ఇచ్చేశాడు.

పెద్దాయన ఇంటి బెల్ నొక్కుతాడు.

తలుపు వెంటనే తెరుచుకుంటుంది. అవతల నిలబడే ఉన్నట్టు...

"రా తమ్ముడూ. చెప్పులతోనే వచ్చెయ్."

హాల్లో కుర్చీలు. తన షాపువే. ఒక్కదానికి తప్ప వేటికీ ప్లాస్టిక్ కవర్ తీయలేదు.

"టైం లేదన్నా. మొత్తం తెచ్చాను. చూసుకుని సంతకం పెట్టెయ్."

పెద్దాయన సంచీ వంక చూడడు. మెమో చదువుతాడు, నిదానంగా. మధ్యలో మోకాలికి మందు రాసుకోమంటాడు. పాప చదువెలా ఉందని అడుగుతాడు. ప్రతి వాయిదాకీ కోర్టు వరండాలో ఇవే ప్రశ్నలు. వెటకారం అనుకునేవాడు ఇతను.

సంతకం పడుతుంది.

హమ్మయ్య అనుకునేలోపే... తలుపు దబదబ!

ఇతను తలుపు చాటుకి నక్కుతాడు. పెద్దాయన సగమే తెరుస్తాడు. రొప్పుతూ కానిస్టేబుల్. ఇటు ఎవరైనా వచ్చారా అని అడుగుతున్నాడు.

"నా ఇంటికెవరొస్తారు బాబూ?"

కానిస్టేబుల్ మారు మాట్లాడకుండా నమ్మేస్తాడు. సారీ కూడా చెబుతాడు. బూట్లు మెట్లు దిగుతాయి.

బైక్ స్టార్ట్ చేసిన చప్పుడు మాత్రం రాదు. గేటు దగ్గరే కాపలా!

నా ఇంటికెవరొస్తారన్న మాట ఇతని చెవిలో ఉండిపోతుంది. అబద్ధమాడిన గొంతులా లేదు అది. కానీ ఆలోచించే తీరిక లేదు. మెమో కోసం చెయ్యి చాస్తాడు.

"నీ మేలు మరిచిపోనన్నా. రేపొక్కరోజు కోర్టుకి రా. ఆ తర్వాత నా పీడ ఉండదు నీకు."

పెద్దాయన కాగితం వదలడు.

"ఆ తర్వాత రావు కదూ?"

ఒక్క క్షణం... అంతే.

చర్ర్!

పెద్దాయన చేతుల్లో మెమో నిలువునా రెండు ముక్కలు.

"అన్నా... వాళ్ళు నన్ను లోపలేస్తారు."

పెద్దాయన సంచీని ఇతని చేతుల్లోకి తోస్తాడు. భుజం తడతాడు, ప్రేమగానే.

"ఏం భయపడకు. వారంవారం నేనొచ్చి చూస్తాగా."

నడిచి వెళ్ళి కిటికీ తెరుస్తాడు. కిందికి వంగుతాడు.

"బాబూ... పైకి రండి!"