ఉత్తరంలో లేని వాన

సెకాకే మెట్లెక్కి వచ్చేసరికి చెమటతో చొక్కా ఒంటికి అంటుకుపోయింది. "అమ్మా, నా హాల్లో తలుపు పోయింది!" అన్నాడు.

"తలుపు పోతే వడ్రంగి దగ్గరికి వెళ్ళాలి గానీ మా దగ్గరికెందుకయ్యా?" అంది డిటెక్టివ్ లిమ్ఫో.

ఆమె సహాయకురాలు మాతెబెల్లోకి మాత్రం నవ్వు రాలేదు. పోయిందన్న మాట చెవినపడగానే కత్తులూ, రక్తమూ, ఆసుపత్రీ వరసగా కళ్ళముందు తిరిగాయి. ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషి. ఫోను మోగితేనే గుండె జారుతుంది.

పోయింది రంగులేసిన తలుపు. బడిమొహం చూడని కళాకారుల పనులు నాలుగు దేశాల నుంచి తెప్పించి, మసేరు నగరంలోని తన హాల్లో ప్రదర్శనకి పెట్టాడు సెకాకే. మర్నాడే ప్రారంభం. సెమొన్‌కాంగ్ కొండల్లో పులే అనే పెద్దాయన పోయాక, ఆ ఇంటి నుంచి మధ్యవర్తి ఒకడు తెచ్చిన తలుపు అది. దానిమీద ఎర్రమట్టితో, మసితో, ఏ అడవిలోనూ కనబడని జంతువులున్నాయి. కింద చీటీ: 'బసోతో ప్రజల జానపద కళ. వేసినవారు తెలియదు.'

ఆ పొద్దున గోడకి తలుపు లేదు. మేకుకి గుచ్చిన కాగితం ఉంది, చివర ఉత్తరాల్లో రాసే దీవెనతో.

'పేరున్న చోటికి తీసుకుపోతున్నాను. ఖోత్సో, నాలా.'

"కాపలా మొయెకెత్సి పనే ఇది. సాయంత్రానికి దొరక్కపోతే వాణ్ణి పోలీసులకి అప్పజెప్తాను" అన్నాడు సెకాకే.

'అయ్యో, ఆయన పిల్లలు!' అనుకుంది మాతెబెల్లో.

ముగ్గురూ వెళ్ళి హాలు వరండాలో దుప్పటి పరిచిన బల్ల దగ్గర కూర్చున్నారు. ఊడ్చే నెయో టీ తెచ్చింది. మాతెబెల్లో కప్పు ఓ పక్కకి జారబోయింది.

"కొత్త బల్లా?" అంది లిమ్ఫో.

"రేపటి అతిథుల కోసమమ్మా" అని నెయో గబగబా లోపలికి వెళ్ళిపోయింది.

మొయెకెత్సి నడుం పట్టుకుని వచ్చాడు. "నా దుప్పటి నేనే మోయలేకపోతున్నానమ్మా, తలుపు మోస్తానా? తెల్లారాక గేటు తీశాను. నెయో వచ్చింది, ఆ శిల్పి ఫరాయి వచ్చాడు. బయటికి ఈగ కూడా పోలేదు."

జింబాబ్వే నుంచి వచ్చిన ఫరాయి మొహం ముడుచుకుని కూర్చున్నాడు. "నా రాతిబొమ్మ కింద నా పేరు బెత్తెడు అక్షరాల్తో రాశారు. పక్కన అంత గొప్ప పనికేమో 'తెలియదు'. నాకే సిగ్గేసింది."

"అందుకని దాచేశావా?" అన్నాడు సెకాకే.

"దాచేవాణ్ణయితే మీ చీటీ దాచేవాణ్ణి బాబూ!"

లిమ్ఫో లోపలున్నవాళ్ళతో సహా అందర్నీ పిలిచింది. నిలబడి, సభ ముగిస్తున్నట్టు చెయ్యెత్తింది. "ఖోత్సో!"

"ఖోత్సో!" అన్నారంతా.

"పులా!"

"పులా!"

"నాలా!"

"నాలా!"

"శాంతి, వాన, సమృద్ధి. మన దేశంలో ఏ ఉత్తరమైనా ఈ మూడిటితోనే ముగుస్తుంది. ఈ కాగితంలో వాన లేదు. తొందరలో మరిచారనుకున్నాను. కానీ ఇప్పుడు కూడా 'పులా' దగ్గర ఒక మనిషి మాత్రం పెదవి కదపలేదు. మామగారి పేరే కాదు, దాన్ని పోలిన మాట కూడా కోడలి నోట రాకూడదు కదా. రాతలోనూ అంతే. పులే గారి కోడలివి నువ్వేనా, నెయో?"

నెయో తల దించుకుంది.

"తలుపు గేటు దాటలేదు" అంటూ లిమ్ఫో దుప్పటి లాగింది. బల్ల కాదది. బొమ్మలవైపు కిందికి పెట్టి రెండు పీటల మీద ఆన్చిన తలుపు. గడియ మిగిలిపోయిన చోట కప్పు జారుతోంది.

"మా అత్తగారు వేసిందే" అంది నెయో. "పోయినవారం చూసుకోడానికి వచ్చింది. చదువు రాదు. 'నా పేరు ఎక్కడే?' అంది. ఆ చీటీ చూపించి 'ఇదిగో అత్తా, ఎంత పెద్ద అక్షరాలో' అన్నాను. రేపు ఆరుగురు ముసలమ్మల్ని వెంటేసుకొస్తోంది. వాళ్ళల్లో ఒకావిడకి చదువొచ్చు. అందరి ముందూ మా అత్త పరువు పోతుందని... మొయెకెత్సి బాబాయ్ మీదకి వస్తుందనుకోలేదు."

"నాకు ముందే చెప్పొచ్చుగా!" అన్నాడు సెకాకే.

"మీరు అడగలేదు కదయ్యా."

సెకాకే మొయెకెత్సి చేతులు పట్టుకుని, "తప్పయింది, పెద్దాయనా" అన్నాడు. జేబులోంచి కలం తీసి నెయో వైపు తిరిగాడు. "ఆవిడ పేరేమిటమ్మా?"

మర్నాడు పదకొండు దాకా మాతెబెల్లో బస్టాండులోనే ఉంది. కొండదారి, బ్రేకులు, లోయ అనుకుంటూ. బస్సు వచ్చింది. ఏడుగురు ముసలమ్మలు పోట్లాడుకుంటూ క్షేమంగా దిగారు.

హాల్లో అత్తగారు తలుపు ముందు నిలబడి, "ఏదీ, ఇంకోసారి చదువు" అంది కోడల్ని.

"మాతుమెలో, సెమొన్‌కాంగ్" అని, ఈసారి ఉన్నది ఉన్నట్టు చదివింది నెయో.