డోర్కాస్ ఎంచుకున్న పని

ప్రేమావతి ఇడ్లీ రేకుల్లో పిండి వేస్తుండగా కూతురు డోర్కాస్ మెల్లగా చెప్పింది.

"వెబ్‌సైట్ల కంపెనీకి పోనమ్మా. కాటేదాన్ ఫ్యాక్టరీలల్ల మిషన్లకు ప్రోగ్రాం రాసే పని ఒప్పుకున్న. ముందుగాల బాపు ఫ్యాక్టరీలనే."

ప్రేమావతి చేతిలో గరిటె ఆగిపోయింది. గుమ్మంలో కూర్చున్న భర్త శాంతయ్య తలెత్తలేదు. ఆయన కుడిచేతికి రెండు వేళ్లు లేవు. ఆ ఫ్యాక్టరీలో రేకులు వంచే ప్రెస్సే వాటిని నలిపేసింది.

"అన్ని కంప్యూటర్ భాషలు నేర్చుకుంటివి, ఇదేంది బిడ్డా?"

"ఒక్కో భాష ఒక్కో పనికమ్మా. జావాస్క్రిప్ట్‌తోని వెబ్‌పేజీలు చేస్తరు. పైథాన్‌తోని పెద్ద పెద్ద లెక్కలు తీస్తరు. మిషన్లు నడిపేదాన్ని ల్యాడర్ అంటరు, నిచ్చెన లెక్క మెట్లు మెట్లు గీసుకుంట రాస్తం."

"పేజీల తప్పొస్తే ఏమైతది?"

"పేజీ తెరుసుకోదు."

"ప్రెస్సుల తప్పొస్తే?"

డోర్కాస్ తండ్రి కుడిచేతి వైపు చూసింది.

"మీ బాపు చేతి నెత్తురు నేను కడిగిన. నీ రాత తప్పయి ఇంకొకరి చెయ్యి పోతే నీకు ముద్ద దిగుతదా?" అంటూ ప్రేమావతి గరిటె పక్కన పెట్టేసింది.

కొత్త ప్రోగ్రాంను పరీక్షించే రోజు ఆమె కూడా ఫ్యాక్టరీకి వెళ్లింది. ఇంట్లో నిలవలేకపోయింది. ప్రెస్సు ముందు కంటికి కనబడని వెలుగు కిరణాలు ఉంటాయనీ, వాటికి ఏది అడ్డొచ్చినా మిషన్ ఆగాలనీ కూతురు చెప్పింది.

"ఆగుతదో లేదో నేను చూస్త," అంటూ శాంతయ్య ఎడమచెయ్యి చాచాడు.

"వద్దు బాపూ!" డోర్కాస్ ఆయన్ను వెనక్కి లాగి, ఒక కట్టెను ముందుకు తోసింది.

ప్రెస్సు ఆగలేదు. కట్టె ఫట్‌మని విరిగింది.

శాంతయ్య తన చేతిని ఛాతీకి అదుముకున్నాడు. డోర్కాస్ నేల మీద కూలబడి ఏడ్చేసింది.

"నువ్వన్నదే నిజమమ్మా. ఇది నాతోని కాదు. నాకు భయమైతుంది."

ఆ మాటతో ప్రేమావతికి ఏదో తెలిసినట్టయింది. కూతురికి ఆ భయమే లేకపోతే ఇప్పుడు విరిగేది కట్టె కాదు. ఆమె కూతురి పక్కన కూర్చుని తల నిమిరింది.

"భయం లేనోళ్లు పెట్టిన మిషనే మీ బాపు వేళ్లు తిన్నది. భయమున్న దానివి, నువ్వే రాయాలె. లే బిడ్డా."

డోర్కాస్ కళ్లు తుడుచుకుని, ల్యాప్‌టాప్‌లో తాను గీసిన ప్రోగ్రాం మెట్లన్నీ మొదటి నుంచి చూసింది. కిరణాలకు ఏదైనా అడ్డొస్తే మిషన్‌ను ఆపాల్సిన మెట్టే తలకిందులుగా ఉంది. సరిదిద్ది ఇంకో కట్టె పెట్టింది.

ప్రెస్సు సగంలోనే నిలిచిపోయింది.

శాంతయ్య గట్టిగా ఊపిరి వదిలాడు. ప్రేమావతికి మాత్రం అది ఒక్కసారి ఆగితే చాలలేదు. చెంగుతో కళ్లొత్తుకుని, మూలనున్న కట్టెలన్నీ ఏరి తెచ్చి కూతురి ముందు పెట్టింది.

"ఇవన్నీ అయినంకనే ఇంటికి పోదాం," అన్నది.