ఇరవై రెండు బావుల నీళ్ళు

ఆ శుక్రవారం పొద్దున అమీర్ బీ మొహంలో చాలా రోజులకు నవ్వు కనిపించింది. యాడికి అనే ఊరి పక్కన ఆ పల్లెలో ఆ ఏడు నవ్వడానికి పెద్దగా ఏమీ లేదు. రెండేళ్ళుగా వానలు మొహం చాటేశాయి. ఊరి బావిలో ఇంటికి రెండు బిందెలే, అవి తాగడానికీ వంటకీ సరి. దూది ఏకి బతికిన భర్త హజరత్ వలి నడుము వంగి, కాళ్ళు చచ్చుబడి మంచం పట్టాడు. నమాజుకు ముందు చేతులూ మొహమూ కాళ్ళూ కడుక్కుని ఉజూ చేసుకోవడానికి నీళ్ళు లేక నెలరోజులుగా పొడిమన్నుతోనే సరిపెట్టుకుంటున్నాడు. ఈ జుమ్మా నమాజుకైనా ఆయనకు నీళ్ళు అందించాలని ఆమె పంతం.

కొడుకు ఖాజా పీర్ ట్రంకుపెట్టెలో ఇరవై రెండు సీసాల నిండా నీళ్ళున్నాయి. పదిహేను రోజుల నాటివి. తాగడానికి పనికిరావు, పారబోయడానికి మనసు రాదు. అన్నీ ఒక్క బిందెలోకి వంపి, భర్త చేతులూ మొహమూ కాళ్ళూ తానే కడిగింది. చల్లగా ఉందని ఆయన కళ్ళు మూసుకున్నాడు.

మధ్యాహ్నం ఖాజా పీర్ ఆ సీసాలు సర్దడానికి తాడిపత్రి నుంచి కొయ్యపెట్టె మోసుకొచ్చాడు. పేరుకు డాక్టరేటు. ఉద్యోగం మాత్రం సర్కారు పరిశోధన పథకంలో, ఏడాదికోసారి పొడిగిస్తేనే నిలిచేది. ఎముకలు బిరుసెక్కి, నరాలను నొక్కి, కాళ్ళు పడిపోయే జబ్బు మీద పని. చుట్టుపక్కల ఇరవై రెండు బావుల నుంచి పట్టుకొచ్చిన ఆ నీళ్ళ పరీక్ష ఫలితాలు మార్చి నెలాఖరుకు అందితేనే మరో ఏడాది. తిరిగి పట్టుకొద్దామంటే ఆ బావుల్లో సగం ఈపాటికే ఎండిపోయాయి.

గోడ పక్కన బోర్లించిన సీసాలు చూసి పెట్టె కింద పడేశాడు.

"ఎవర్ని అడిగి వంపినావమ్మా? మూడేండ్ల పనికి అవే ఆధారం. వచ్చే నెల నుంచి నాకు ఉద్యోగం ఉండదు."

"నీళ్ళే కదప్పా అనుకున్యా. అవి ఏమిటివో ఒక్కనాడన్నా చెప్పినావా నాకు?"

చెప్పలేదు. పెద్ద పెద్ద సభల్లో విడమరిచి చెప్పినవాడు, కన్నతల్లికి అర్థం కాదులే అనుకున్నాడు. ఎక్కువ చదివినవాళ్ళ తెలివి ఒక్కోసారి ఇట్లాగే తెల్లారుతుంది. చెప్పాల్సినప్పుడు చెప్పనిది, ఇప్పుడు కోపంలో చెప్పాడు.

"మన బావుల్లో ఫ్లోరైడు అని ఒకటి ఉండాది. ఏండ్ల తరబడి తాగితే నాయన మాదిరే అవుతారు. యా బావిలో ఎంత ఉండాదో తేల్చే నీళ్ళమ్మా అవి. నాయన కాళ్ళు తీసింది మన ఊరి బావే."

అమీర్ బీ తన అరచేతులు చూసుకుంది. బిందె మోసి, చేంతాడు లాగి కాయలు కాసిన చేతులు.

"నలభై ఏండ్లు ఆ నీళ్ళు తోడి పోసింది నేనే కదప్పా" అంది.

ఖాజా పీర్ కోపం అక్కడితో చచ్చిపోయింది. ఎందుకన్నానా అని కుమిలిపోతూ తల్లి చేతులు పట్టుకున్నాడు. తెలియక చేసినదానికి తప్పేముందని ఎంత చెప్పినా ఆమె తలెత్తలేదు.

"ఆ నీళ్ళు తాగకుంటే ఎప్పుడో పోయుందును" అన్నాడు మంచంలోంచి హజరత్ వలి. "ఏడ్వాకండి. ఖాజా, సర్కారోళ్ళు వేరే నీళ్ళు ఇప్పిస్తారా?"

సర్కారును అది అడగడానికే ఆ పరీక్ష.

సాయంత్రం బావి దగ్గర వాళ్ళ వంతు వచ్చింది. అమీర్ బీ బిందె ఎత్తుకుని గడప దాకా వెళ్ళి ఆగిపోయింది. నలభై ఏళ్ళలో ఆమె అక్కడ ఆగడం అదే మొదలు. ఖాజా పీర్ లేచి ఆమె చంకలోంచి బిందె తీసుకుని, తానే ఆ బావికి బయల్దేరాడు. ఊళ్ళో వేరే బావి లేదు.