ఎర్ర త్రికోణం

"ఇరిస్‌ని వదిలేస్తున్నాం," అన్నాడు చీఫ్ కార్పెలా.

1979 మే 18, ఉదయం పదిన్నర. హెల్సింకి ఓడరేవు పక్క సందులో "తీరప్రాంత పడవల బీమా" అని బోర్డు తగిలించుకున్న ఆఫీసు, మూడో అంతస్తు. ఆ ఆఫీసు ఇంతవరకూ ఒక్క పడవకైనా బీమా చేసిన పాపాన పోలేదు.

చీఫ్‌కి ఎదురుగా ఏజెంట్ ఓస్మో తిక్కనెన్ ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. బయట బర్చ్ చెట్లన్నీ పూసి, పుప్పొడి పసుప్పచ్చగా కార్ల మీద పేరుకుపోయింది. అతని కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారుతున్నాయి. ఆ కన్నీళ్ళలో పుప్పొడి వాటా ఎంతో, మిగతాది దేని వాటానో అతనికి తప్ప ఎవరికీ తెలియదు.

"వదిలేయడమంటే?"

"వాళ్ళకే వదిలేయడం." చీఫ్ బల్ల మీదికి ఒక కవరు తోశాడు. "ఇందులో ఇరిస్ నాతో చేయి కలుపుతున్న ఫోటో ఉంది. సాయంత్రం అయిదులోపు ఇది రియాబిన్ చేతిలో పడాలి. మిగతా పని వాళ్ళే చూసుకుంటారు."

ఓస్మో కవరు ముట్టుకోలేదు.

రియాబిన్ పగటిపూట ఒక విదేశీ వాణిజ్య ప్రతినిధి. అసలు ఉద్యోగం పదకొండు మంది గూఢచారుల ముఠాకి నాయకత్వం. ఇరిస్ వాల్‌గ్రేన్ తమ మనిషేనని ఆ ముఠా నమ్మకం. కానీ ఆమె రెండేళ్ళుగా కార్పెలా మనిషి. ఆమె నవ్వితే రాయబార కార్యాలయాల విందుల్లో సగం మంది మగాళ్ళు మాట మధ్యలో ఆపేస్తారు. మిగతా సగం మంది చెప్పకూడనివి చెప్పేస్తారు. రియాబిన్ ఈ సాయంత్రం అయిదున్నరకు మోటారు పడవలో ఓడ చేరుకుని దేశం వదిలిపోతున్నాడు. ఆలోగా ఇరిస్ అతనికి సముద్రంలో మందుపాతరలు ఎక్కడున్నాయో చూపే చార్టు ఇవ్వాలి, నకిలీది. బదులుగా అతను ఆ పదకొండు పేర్ల జాబితా ఆమెకి అప్పగించాలి. ఇదీ పథకం.

"పథకం పాడైందోయ్," అన్నాడు చీఫ్. "ఆవిడ ఇప్పుడు అసలు చార్టే ఇస్తుంది, వాళ్ళ దగ్గర దొంగ జాబితా తెస్తుంది. అరెస్టు చేద్దామా అంటే కోర్టులు, పేపర్లు, పొరుగు దేశంతో తగాదా. ఫోటో చూస్తే రియాబిన్ ఆవిణ్ణీ నమ్మడు, ఆవిడిచ్చిన కాగితాన్నీ నమ్మడు."

"ఇరిస్ మీద అనుమానమెందుకు చీఫ్?"

ఈ ప్రశ్న అడిగింది ఎవరూ? ఓస్మో! జవాబు అతనికంటే బాగా ఎవరికి తెలుసు?

"మన పెంత్తి రక్తంలో నిద్ర తెప్పించే మందేదో దొరికింది. ఆ పొద్దున మీ ఇద్దరికీ ఫ్లాస్కులో కాఫీ తెచ్చి పోసింది ఆవిడే. నువ్వు తాగలేదు, వాడు తాగాడు. గంట తిరక్కుండా, ఒంటరిగా వెళ్తున్న వాడి కారు బండకి గుద్దుకుంది. ఇంకేం కావాలయ్యా నీకు?"

ఇరవై రోజులుగా ఓస్మో దాచిన సంగతి ఇదే.

ఆ పొద్దున నిఘా కారులో అతని జోడీ ఏజెంటు పెంత్తి ఒకటే తుమ్ములు. ఓస్మో తన జేబులోంచి మాత్రల అట్ట తీసి, ఒకటి చించి ఇచ్చాడు. "వేసుకోరా, తుమ్ములు దెబ్బకి ఆగుతాయి," అన్నాడు. అది డాక్టరు అతనికి రాసిచ్చిన అలర్జీ మాత్ర, యాంటీహిస్టమిన్. పడుకోబోయే ముందు వేసుకోవాల్సింది. మందుల షాపామె పెట్టె మీది ఎర్ర త్రికోణాన్ని వేలితో కొట్టి మరీ చెప్పింది, ఇది వేసుకుని స్టీరింగు ముట్టుకోవద్దని, ఇంకొకళ్ళకి ఇవ్వవద్దని. ఓస్మో తల ఊపాడు. ఇంటికెళ్ళి పెట్టెను అలమరలో పడేసి, అట్ట మాత్రం జేబులో పెట్టుకున్నాడు. ఆ దేశంలో అందరూ చేసే పనే. త్రికోణం ఇంట్లో ఉండిపోతుంది, మాత్ర ఊరంతా తిరుగుతుంది.

పైగా ఎర్ర త్రికోణం మందు వాడేవాళ్ళు ఆఫీసులో కాగితం రాసివ్వాలి. రాస్తే పుప్పొడి కాలం పోయేదాకా బయటి పని ఇవ్వరు, కుర్చీలో కూర్చోబెడతారు. అందుకే ఓస్మో రాయలేదు. ప్రమాదం జరిగిన రోజు చెబుదామని నోరు తెరిచాడు. ఈలోగా చీఫ్ "కాఫీ" అన్నాడు. ఓస్మో నోరు మూసుకున్నాడు. అంతే, అంత తేలిగ్గా ఒక ఆడమనిషి ప్రాణం మీదికి తెచ్చాడు.

ఇప్పుడైనా చెప్పొచ్చు. చెబుదామనే కవరు వైపు చూశాడు.

"సరే చీఫ్," అన్నాడు. అవునండీ, సరే అన్నాడు ఆ పెద్దమనిషి!

*

నగరానికి పడమటి దీవిలో, నీటి ఒడ్డున ఒక అద్దె సౌనా. ఆ దేశంలో పెద్ద బేరాలన్నీ అలాంటి ఆవిరి గదుల్లోనే తెగుతాయి. ఒంటి మీద బట్టల్లేని చోటికి అంగరక్షకుల్ని తీసుకెళ్ళడం మర్యాద కాదు గనక రియాబిన్ ఒంటరిగానే వచ్చాడు. పడవ బయట మెట్లకు కట్టేసి ఉంది.

మూడున్నరకు పొయ్యి ఎగదోసే ముసలాడి వేషంలో ఓస్మో లోపలికొచ్చాడు. తెల్ల గడ్డం, వంగిన నడుం, చంకలో కట్టెలు. చేతిలో ఒళ్ళు బాదుకునే బర్చ్ మండలు. వాటి పిడిలో లేబొరేటరీవాళ్ళు రెండు నెలలు కష్టపడి మైకు అమర్చారు. తొలి చెంబుడు నీళ్ళు పొయ్యి రాళ్ళ మీద పోయగానే ఆవిరికి అది టప్పుమని చచ్చింది.

పై బల్ల మీద తువ్వాలు చుట్టుకున్న రియాబిన్, పక్కన బీరు సీసాలు. "హాచ్!" అని తుమ్మాడు. కింద ఓస్మో "హాచ్!" అని బదులిచ్చాడు.

"నీకూ ఉందా తాతా ఈ రోగం? మీ చెట్లు నా ప్రాణం తీస్తున్నాయి."

"ముప్పయ్యేళ్ళుగా ఉంది బాబుగారూ."

కవరు ఇవ్వాల్సిన సమయం. ఓస్మో జేబులో చెయ్యి పెట్టాడు. మళ్ళీ తుమ్మొచ్చింది. కవరుకి బదులు జేబురుమాలు లాగాడు, దాంతోపాటు మాత్రల అట్ట నేల మీద పడింది. ప్రమాదం తర్వాత ఒక్క మాత్ర మింగలేదు, అట్ట పారెయ్యడానికీ చేతులు రాలేదు.

రియాబిన్ బల్ల దిగి దాన్ని అందుకున్నాడు. "ఓహో! మందు దాచుకుని మమ్మల్ని తుమ్మిస్తున్నావా?"

ఓస్మో అట్ట వైపే చూశాడు. నోరు మూసుకుంటే చాలు. బీరు, వేడి, మాత్ర, ఆ తర్వాత మోటారు పడవ. మధ్యదారిలోనే సముద్రంలో కలిసిపోతాడు, చీఫ్ మెడల్ ఇస్తాడు. నోరు మూసుకోవడంలో ఓస్మోకి ఇరవై రోజుల అనుభవం కూడా ఉంది.

కానీ అతని కళ్ళకి రియాబిన్ కనిపించలేదు, పెంత్తి కనిపించాడు.

"వద్దు బాబూ, ఇటివ్వండి," అన్నాడు. "డాక్టరు నన్ను చూసి నాకు రాసింది అది. మీకు పడుతుందో లేదో ఎవరికి తెలుసు? గుండెకి ఏమైనా మందులు వాడుతున్నారా? ఒంటేలుకి పోవడంలో ఇబ్బందుందా?"

రియాబిన్ పగలబడి నవ్వాడు. "నువ్వు పొయ్యి చూసేవాడివా, ఆసుపత్రి పెట్టినవాడివా?"

"నవ్వకండి. నోరు పిడచకట్టుకుపోతుంది, చూపు మసకేస్తుంది, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతాయి. బీరుతో అసలు కలపకూడదు. ఈ వేడిలో మరీ ప్రమాదం. పడవ నడపాలంటారా, కలలో కూడా వద్దు." అట్ట కోసం చెయ్యి చాపాడు. "నేను ఒకడికిచ్చాను బాబూ. స్నేహితుడికి. తుమ్ముతున్నాడు కదా అని ఒక మాత్ర చేతిలో పెట్టాను. వాడు కారు నడుపుతూ నిద్రపోయాడు. రెండు కాళ్ళూ విరిగాయి, తుంటి విరిగింది. ఆ పాపం నాది. ఎవరెవరినో అంటున్నారు, నాదే."

"మీవాళ్ళు పాలు తాగినా నిద్రపోతారు," అని రియాబిన్ రెండు మాత్రలు నోట్లో వేసుకుని సీసా ఎత్తి గడగడా తాగేశాడు. "మేం గట్టివాళ్ళం, తాతా. కట్టెలు తే."

ఓస్మో తలుపు తీసుకుని బట్టలు మార్చుకునే గదిలోకొచ్చాడు. అక్కడ ఇరిస్ నిలబడి ఉంది. అనుకున్న వేళకి గంట ముందే వచ్చింది. గోడ పల్చటి చెక్కది, మాటలన్నీ వినబడ్డాయి. తెల్ల గడ్డం ఎంత అతికించుకున్నా గొంతు ఓస్మోదేనని ఆమెకి తెలిసిపోయింది.

"అందరూ తప్పు నా కాఫీదన్నారుగా," అంది నెమ్మదిగా.

ఓస్మో తల దించుకుని కవరు చూపించాడు. "ఇది నేను అతనికివ్వాలి. చీఫ్‌తో నీ ఫోటో. నేను నోరు విప్పలేదు ఇరిస్. పారిపో."

చెంప పగిలిపోయేలా కొట్టింది. గడ్డం ఒక పక్కకి ఊడింది. ఆ దెబ్బ ఇరవై రోజుల కిందట పడాల్సింది, అప్పుడే పడి ఉంటే బాగుండేదనిపించింది అతనికి.

"రెండేళ్ళు ఆ జాబితా కోసం వీడి పిచ్చి జోకులకి నవ్వానయ్యా! పారిపోవాలా? ఆ కవరు పొయ్యిలో పడెయ్. గడ్డం సరిచేసుకో."

ఓస్మో కట్టెలతో ఆవిరి గదిలోకి తిరిగొచ్చి, రియాబిన్ కంట పడకుండా కవరుని పొయ్యిలో కుక్కి, పైన కట్టెలు పేర్చాడు. కంగారులో మూత సరిగ్గా వెయ్యలేదు.

*

రియాబిన్ అయిదింటికి ఆవిరి గదిలోంచి బయటికొచ్చాడు. ముఖం కందగడ్డలా ఉంది. పిస్తోలు ఎక్కడికెళ్ళినా అతని తువ్వాల్లోనే ఉంటుంది. ఇరిస్ చార్టు పరిచింది. అతను ముక్కు ఆనించేంత దగ్గరగా వంగాడు.

"ఈ అంకెలేంటి, చీమల్లా పాకుతున్నాయి?" కళ్ళు నులుముకున్నాడు. "నోరు ఎండిపోతోంది." ఇంకో బీరు తాగాడు. ఓస్మో మూలనుంచి చూస్తూ చేతులు నలుపుకున్నాడు. తను చెప్పిన ప్రతిదీ వరసగా జరుగుతోంది, పెంత్తికీ ఇలాగే జరిగి ఉంటుంది, ఒంటరిగా, స్టీరింగు ముందు.

"నీళ్ళు తాగండి బాబూ, కూర్చోండి. పడవ వద్దు, ఎవరినైనా పిలిపిస్తాను," అన్నాడు.

"నోరు ముయ్యి, చలేస్తోంది." రియాబిన్ తూలుకుంటూ ఆవిరి గదిలోకి వెళ్ళి, పొయ్యి ముందు గొంతుక్కూర్చుని మూత లాగాడు. కట్టెల పక్క సందులో సగం కాలిన ఫోటో ఇరుక్కుని ఉంది. చూపు ఎంత మసకేసినా, జీవితమంతా ఫోటోలు చూసిన కళ్ళవి.

"ఇరిస్!"

ఇరిస్ గుమ్మంలోకొచ్చింది. ఓస్మో ఆమె వెనకే ఉన్నాడు. రియాబిన్ చేతిలో పిస్తోలు. గడియారం అయిదూ ఇరవై తొమ్మిది.

"రెండేళ్ళు!" అని అరిచి అతను ఒక్కసారిగా నిటారుగా లేచాడు. ఓస్మో ఇరిస్‌ని పక్కకి నెట్టి ముందుకొచ్చి నిలబడ్డాడు. గుండు తనకే తగలాలని, తగిలితే బావుణ్ణని ఆ క్షణంలో నిజంగానే అనుకున్నాడు.

తగల్లేదు. లేచిన వేగానికి రియాబిన్ ముఖంలో రక్తం ఒక్కసారిగా దిగిపోయింది. పిస్తోలు పైకి లేచి కప్పులోకి పేలింది. మనిషి కూలబడ్డాడు.

"జాబితా బూటులో ఉంటుంది," అంటూ ఇరిస్ అతని బట్టల వైపు పరుగెత్తింది. ఓస్మో మాత్రం రియాబిన్ చంకల్లో చేతులేసి వేడిలోంచి బయటికి ఈడ్చి, పక్కకి తిప్పి పడుకోబెట్టాడు. ఊపిరాడుతోందో లేదో చెవి ఆనించి విన్నాడు. తర్వాత ఆసుపత్రికి ఫోను తిప్పాడు.

"రెండు మాత్రలు, నాలుగింటికి. బీరు అయిదు సీసాలు. మందు పేరు రాసుకోండి." పేరు చెప్పాడు, ఎన్ని మిల్లీగ్రాములో చెప్పాడు. "మందు నాది," అన్నాడు. అవతలివాళ్ళు అది అడగలేదు.

*

"జాబితా అసలుదే," అన్నాడు చీఫ్ సాయంత్రం ఆరున్నరకి. "పదకొండు మందీ దొరుకుతారు. ఆ ఓడ ఇంకా ఆసుపత్రిలో ఉన్న రియాబిన్ కోసమే చూస్తోంది పాపం." అంతలో ఓస్మో కథంతా చెప్పాడు. చీఫ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"నీ నోరు పెగలక నా చేత ఒక మనిషిని చంపించబోయావు కదయ్యా."

"అవును చీఫ్."

"రేపట్నుంచి నువ్వు నిజంగానే పడవలకి బీమా చెయ్యి. ఆవిడకి నేనేం చెప్పాలో నాకు తెలియడం లేదు."

ఇరిస్ గుమ్మం దగ్గరే ఉంది. "మీరు చెప్పేది తర్వాత వింటాను చీఫ్. ఓస్మో, నాకు క్షమాపణలొద్దు. పద, చెప్పాల్సినవాడికి చెప్పు. నేను పక్కన నిలబడి వింటాను."

ఆసుపత్రి కిటికీలోంచి ఎండ ఇంకా పడుతోంది. పెంత్తి రెండు కాళ్ళూ తాళ్ళకి వేలాడుతున్నాయి. ఇరవై రోజుల్లో పదేళ్ళు పైబడ్డవాడిలా అయిపోయాడు, కళ్ళ కింద నల్లగా గుంటలు పడ్డాయి. ఓస్మో మంచం పక్కన నిలబడ్డాడు. కూర్చోబుద్ధి కాలేదు.

"ఆ మాత్ర నిన్ను నిద్రపుచ్చిందిరా. నాకు తెలుసు. డ్రైవింగుకి పనికిరాదని తెలిసే ఇచ్చాను, మర్చిపోయి ఇచ్చాననడానికి కూడా లేదు. తర్వాత నోరు మూసుకున్నాను. ఆ నేరం ఇరిస్ మీద పడింది. ఆమెని చంపేసేవాళ్ళే."

పెంత్తి ఇరిస్ వైపు చూశాడు. "నీ మీద పడిందా? నాకెవరూ చెప్పలేదమ్మా." తర్వాత ఓస్మోకేసి తిరిగాడు. "డాక్టర్లు ఏం మింగావని అడిగితే గుర్తులేదన్నాను, నీ ఉద్యోగం పోతుందని. నువ్వే వచ్చి చెప్తావని రోజూ తలుపు వైపు చూశాను. వచ్చేవాడివి, నారింజ పళ్ళు పెట్టేవాడివి, వాతావరణం గురించి మాట్లాడి పోయేవాడివి. ఒరేయ్, కాళ్ళ నొప్పికంటే ఆ నారింజ పళ్ళు నన్ను ఎక్కువ బాధపెట్టాయిరా."

ఓస్మో ఏడ్చాడు. తుమ్ములు కావవి. ఎవరూ ఓదార్చలేదు. ఇరిస్ కుర్చీ ఒకటి లాగి అతని వెనక పెట్టింది, అంతే.

ఏడింటికి నర్సు మందుల ట్రే పట్టుకుని వచ్చింది. "నిద్రమాత్ర వేసుకోవాలి. ఇరవై రోజులుగా కునుకు లేదు ఈయనకి," అని చిన్న గ్లాసు ముందుకు చాపింది.

పెంత్తి అప్పటికే కళ్ళు మూసుకుంటున్నాడు. "ఇవాళ వద్దు సిస్టర్," అన్నాడు. "వీడు ఆలస్యంగా పనిచేసే మందు."